సున్నపు నీళ్ల వ్యాసం

హేతువాద పత్రికలో పనిచేస్తామని వచ్చే కుర్రవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. బెదిరింపులు వచ్చాయా సార్ అని. వచ్చాయి. ఫోన్లో తిట్టారు, స్కూటర్ సీటు కోశారు, ఒక సభలో ముఖం మీద పేడనీళ్లు చల్లారు. ఇవి చెబుతుంటే వాళ్ల కళ్లు మెరుస్తాయి. తమకూ అలాంటి రోజు రావాలని లోలోపల కోరుకుంటున్నారని నాకు తెలుసు. నేనూ కోరుకున్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ పని చేశాను. చూపు మందగించి నిరుడు మానుకున్నాను. తిట్టినవాళ్ల వల్ల నాకు వీసమెత్తు నష్టం జరగలేదు. తిట్లు పడిన నెలల్లో చందాదారులు పెరిగారు. ఈ వృత్తిలో గాయపడేది రాసేవాడని అనుకుంటాం. గాయపడేది మనం ఎవరి గురించి రాశామో వాళ్లు. ఆ సంగతి మీకు సన్మాన సభల్లో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. జీతాలు, పదవులు, పత్రిక పుట్టుపూర్వోత్తరాలు కావాలంటే వార్షిక సంచికలు తిరగేయండి.

మాణిక్యం సార్ బడి

మా ఆఫీసు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి గోదాం పైన రెండు గదులు. కింద బస్తాలు దింపినప్పుడల్లా పైన మేం దగ్గుతూ రాసేవాళ్లం. మా సంపాదకుడు మాణిక్యం సార్ న్యాయశాస్త్రం పాఠాలు చెప్పి మానేసిన మనిషి. వేదిక ఎక్కితే ఎదుటివాడి మాటతోనే ఎదుటివాడి నోరు మూయించేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా మంచిదే. చెడ్డ గురువు వల్ల చెడిపోయానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

ఆయన మొదటి సూత్రం చదువు గురించి. ప్రత్యర్థి పుస్తకం ప్రత్యర్థికంటే బాగా చదవాలి. నేను పుట్టిందే అర్చకుల ఇంట్లో. పాతబస్తీలో ఒక చిన్న గుడిలో మా నాన్న, ఆయన నాన్న, అంతకు ముందు ఆయన తాత పూజలు చేశారు. ఇంట్లో ఒక గోడంతా ఆ పుస్తకాలే. చిన్నప్పుడు నమ్మకంతో చదివినవాటిని పాతికేళ్ల వయసులో కోపంతో మళ్లీ చదివాను. నాన్న మా పత్రిక ప్రతి సంచికా చదివేవాడు. కోపగించుకునేవాడు కాదు. ఒకసారి మాత్రం పిలిచి, "ఆ శ్లోకం నువ్వు రాసిన పురాణంల లేదు రా. తిట్టేటప్పుడన్న సరిగ్గ తిట్టు" అన్నాడు. వెతికి చూస్తే నిజంగానే లేదు. తర్వాతి సంచికలో సవరణ వేశాం. ఆ రోజుల్లో సవరణ వేయడమంటే నాకు గర్వంగా ఉండేది. మతగ్రంథాలకు సవరణలు ఉండవు, మాకుంటాయి అని ఉపన్యాసాల్లో చెప్పేవాణ్ణి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మావాళ్లలో చాలామంది ముప్ఫై దాటాక చదవడం మానేస్తారు. చదివినా, తాము ఇదివరకే ఒప్పుకున్నది మళ్లీ ఒప్పుకోవడానికే చదువుతారు. పారాయణం అంటే అదే. గుడిలో చేసినా, గోదాం పైన చేసినా.

రెండో సూత్రం రాత గురించి. సాక్ష్యం లేకుండా వాక్యం రాయకూడదు. ఏ బాబా గురించి రాసినా, ఏ మంత్రగాడి గురించి రాసినా ఒక నిజమైన మనిషి కథతో మొదలుపెట్టాలి. పేరు మార్చాలి గానీ వివరం మార్చకూడదు. ఏ వీధి, ఇంటాయన ఏం పని చేస్తాడు, ఏ వారం ఏం జరిగింది, అన్నీ ఉండాలి. అనుమానం ఉన్నవాడు వెళ్లి చూసుకోగలగాలి. మా నిజాయితీకి అదే గుర్తు అనుకునేవాళ్లం. పేరు ఒకటి మార్చేస్తే ఆ మనిషికి ముసుగు వేసినట్టేనని కూడా అనుకున్నాం. బస్తీలో మనుషులను పేర్లతో గుర్తుపట్టరని, ఇంటి ముందు గుంతతో, మొగుడి నౌకరీతో గుర్తుపడతారని, పాతబస్తీలోనే పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. రాసేటప్పుడు గుర్తు రాలేదు.

దబీర్‌పురాకు వెళ్లిన రోజు

పన్నెండేళ్ల కిందటి మాట. కామెర్లకు పసరు మందు పోసే ఒక ముసలాయన గురించి మాకు ఫిర్యాదులు వచ్చాయి. అతని దగ్గర ఒక తంతు ఉండేది. రోగి చేతులకు ఏదో రసం రాసి, ఒక గిన్నెలో నీళ్లు తెప్పించి చేతులు కడిగించేవాడు. నీళ్లు పచ్చగా మారేవి. "చూసిన్రా, కామెర్లు దిగుతున్నయ్" అనేవాడు. మామిడి బెరడు రసం, సున్నపు తేట కలిస్తే ఎవరి చేతులు కడిగినా నీళ్లు పచ్చబడతాయి. రోగం ఉండక్కరలేదు. ఈ ప్రయోగం నేను బడుల్లో, కూడళ్లలో లెక్కలేనన్ని సార్లు చేసి చూపించాను. నీళ్లు రంగు మారగానే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ గిన్నె అంటే నాకు మోజు అని ఇప్పుడు ఒప్పుకుంటాను.

దబీర్‌పురా స్టేషన్ అవతలి బస్తీలో ఒక పాప ఆ ముసలాయన మందు తాగి చనిపోయిందని కబురు వచ్చింది. పదకొండో రోజు వెళ్లాను. తల్లి పేరు యాదమ్మ. దగ్గరలోని ఒక ప్రైవేటు బడిలో ఆయమ్మ. చిన్నపిల్లల చేతులు పట్టుకుని మెట్లు ఎక్కించడం, ముక్కులు తుడవడం ఆమె పని. భర్త నర్సింహ రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల మరమ్మతుకు లైను మీదికి పోతే మూడు నాలుగు రోజులకు గానీ ఇంటికి రాడు. ఆ రోజు కూడా లేడు.

యాదమ్మ నాకు పీట వేసి, చాయ్ ఇచ్చి, ఎదురుగా కింద కూర్చుంది. నేను నోటుబుక్కు తీశాను. గిన్నె ఇత్తడిదా, స్టీలుదా? నీళ్లు ఎవరు తెచ్చారు? అతను ముందే తెచ్చి పెట్టుకున్నాడా? చేతులకు రాసిన రసం ఏ రంగులో ఉంది? వాసన వచ్చిందా? కడగడానికి ముందు నీళ్లు తెల్లగా ఉన్నాయా, మామూలుగా ఉన్నాయా? పన్నెండు ప్రశ్నలు అడిగాను. ఆమె ప్రతిదానికీ ఆలోచించి, ఒక్కోసారి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుని జవాబు చెప్పింది. అంత మంచి సాక్షి నాకు మళ్లీ దొరకలేదు. లేచేటప్పుడు, "అంతేనా సారూ?" అంది. అంతే అన్నాను.

వ్యాసం రాయడానికి రెండు రోజులు పట్టింది. నేను రాసినవాటిలో బాగా కుదిరింది అదే. గిన్నె దగ్గర మొదలై, మామిడి బెరడు రసాయనశాస్త్రం గుండా నడిచి, పాప చితి దగ్గర ఆగుతుంది. చివరి వాక్యం ఇది: "ఆ పాపను చంపింది కామెర్లు కావు, కన్నతల్లి నమ్మకం." మాణిక్యం సార్ ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, దాన్నే శీర్షికగా పైకి తీసుకెళ్లారు.

ఆ సంచిక వెళ్లినంత దూరం మా పత్రిక ఎప్పుడూ వెళ్లలేదు. చదివినవాళ్లు పేజీకి ఫోటో తీసి ఫోన్లలో పంపుకున్నారు. జిల్లాల నుంచి ఫోన్లు వచ్చాయి. ఒక ఊళ్లో ఆ వ్యాసం చదివి పసరు మందు పోసేవాణ్ణి తరిమేశారట. దాంతో నా ఛాతీ ఎంత విప్పారిందో చెప్పను.

ప్లాస్టిక్ కవరు

ఆరు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం యాదమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. మిర్చి ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. పత్రిక చివరి పేజీలో అడ్రసు ఉంటుంది కదా, అది రేషన్ దుకాణం అతనితో చదివించుకుని వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది.

బడివాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. ఒక టీచరు ఫోన్లోకి మా పేజీ వచ్చింది. దబీర్‌పురా, గ్యాంగ్‌మన్ భార్య, బడిలో ఆయమ్మ. అలాంటి మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరే. తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడి, సొంత బిడ్డను పసరు పోసి చంపుకున్నదాని చేతికి మా పిల్లలనెట్ల ఇస్తమని లొల్లి చేశారు. నర్సింహ లైను మీది నుంచి వచ్చేసరికి గ్యాంగ్‌లో ఎవరో అతనికి ఆ పేజీ చూపించారు. అప్పటిదాకా ఆ ఇంట్లో దుఃఖం ఒకటే ఉంది. ఆ పేజీ వెళ్లాక నేరస్తురాలు కూడా ఉంది. నర్సింహ ఆమెతో మాట్లాడటం మానేశాడు. వండింది తినడం మానేశాడు. పాప ఫోటోకు దండ వేయబోతే చెయ్యి పట్టి లాగేశాడు.

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. తర్వాత కవరులోంచి మూడు చిట్టీలు తీసి నా బల్ల మీద పెట్టింది. ప్రభుత్వాసుపత్రి ఓపీ చిట్టీలు. ముద్రలతో, తారీకులతో. మొదటిదాని మీద రక్తపరీక్ష రాశారు. రెండోదాని మీద రక్తం తీసుకున్నట్టు, ఫలితానికి మూడు రోజుల తర్వాత రమ్మన్నట్టు ఉంది. మూడోది గురువారంది. వెంటనే చేర్చుకోవాలని ఒక డాక్టరు రాశాడు. దాని కిందనే వేరే చేతిరాతలో, పడకలు ఖాళీ లేవు, సోమవారం రావాలి అని ఉంది. గురువారానికీ సోమవారానికీ మధ్య శనివారం నాడు, పక్కింటివాళ్లు చెబితే, ఆమె పసరు మందు దగ్గరికి వెళ్లింది. సోమవారం ఆసుపత్రికి పోతూ ఆటోలో పాప చనిపోయింది.

నేను చిట్టీలు రెండుసార్లు చదివి, నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఈ సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ ప్రశ్న అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"నువ్వు అడిగితే చెప్పేదాన్ని గద సారూ," అంది యాదమ్మ. "నిన్ను సర్కారోనివనుకున్న. దవాఖాన సంగతి అడుగుతవేమోనని కవరు ఒడిలనే పెట్టుకొని కూసున్న. నువ్వు గిన్నె గురించే అడిగినవ్."

కవరు ఆమె ఒడిలో ఉండటం నేను చూశాను. చూసి, పాప బట్టలేమో అనుకున్నాను.

ఆమె ఎవరినీ తిట్టలేదు. నష్టపరిహారం అడగలేదు. "నువ్వే రాసినవ్, నువ్వే మళ్ల రాయి. నేను దవాఖానకు వోయిన అని రాయి. మా ఇంటాయన సదువుతడు" అని చెప్పి, చిట్టీలు మళ్లీ కవరులో పెట్టుకుని మెట్లు దిగింది.

ఓడిపోయిన వాదన

ఆ సాయంత్రమే మాణిక్యం సార్‌కు సవరణ రాసి ఇచ్చాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకున్నారు. ఆయన రాతిమనిషి కాదు. ఆ తర్వాత వాదన మొదలుపెట్టారు.

"వ్యాసంల ఒక్క తప్పు వాక్యం చూపెట్టు భాయ్. వచ్చే నెలనే సవరణ వేస్త."

చూపించలేకపోయాను. పసరు మందు దగ్గరికి వెళ్లింది నిజం. నీళ్లు పచ్చబడింది నిజం. పాప చనిపోయింది నిజం. చివరి వాక్యం ఉంది కదా అన్నాను. అది అభిప్రాయం, అభిప్రాయానికి సవరణ ఉండదు అన్నారు. తర్వాత తన అసలు భయం చెప్పారు. "దవాఖాన మీద నమ్మకం పోయేటట్టు మనమే రాస్తే, రేపు పొద్దుగాల ఆ ముసలోని ఇంటి ముందర లైన్ డబులైతది. ఇంకెంతమంది పిల్లలు పోతరో నువ్వే చెప్పు. ఒక్క తల్లి గోస కోసం ఆ పాపం కట్టుకుంటవా?"

ఆసుపత్రికి పంపడమే మా ఉద్యమమైతే, ఆసుపత్రి పంపించేసిన తల్లి గురించి రాయడానికి మా పత్రికలో చోటు లేదు. వాదనలో ఓడినవాడు నోరు మూసుకోవాలని మాకు నేర్పారు. నేను నోరు మూసుకున్నాను. ఆయన నన్ను ఆపారని చెప్పుకుంటే సగం అబద్ధం అవుతుంది. రాబోయే నా వ్యాసాల సంపుటిలో అదే మొదటిది కావాలని నాకు ఉండేది. తప్పు వాక్యం ఒక్కటీ లేదని తేలినప్పుడు నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది.

ఇంతకంటే హీనమైనది ఇంకోటి ఉంది. రెండు నెలల తర్వాత మా వార్షిక సభలో ఆ వ్యాసం చదవమన్నారు. చిట్టీలు చూసిన కళ్లతోనే చదివాను. చివరి వాక్యం దగ్గర ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. ఆగాను. చప్పట్లు కొట్టారు.

నాన్న అడిగింది

అప్పటికి మేం సైదాబాద్‌కు మారాం. నాన్నకు ఎనభై నాలుగేళ్లు. గుడి బాధ్యత తమ్ముడికి అప్పగించి, భూతద్దం పెట్టుకుని దొరికిందల్లా చదివేవాడు. సభలో నేను చదివినదాని వార్త ఒక పత్రికలో చూసి, మా వ్యాసం మళ్లీ తీసి చదివాడు.

"పసరు దగ్గరికి వోకముందు ఆ అమ్మ ఏం చేసింది రా?" అని అడిగాడు.

చెప్పాను. చిట్టీల సంగతి, సవరణ సంగతి, అన్నీ చెప్పాను. సంపాదకుడి వాదన కూడా బలంగానే వినిపించాను. నాన్న అడ్డు చెప్పకుండా విన్నాడు.

"నా దగ్గరికి గూడ వచ్చేటోళ్లు. పిల్లలు పోయినోళ్లు. ఎందుకిట్లయింది అయ్యగారూ అని ఏడ్సేటోళ్లు. నేనేమన్న? పోయిన జన్మల పాపం తల్లీ అన్న. నువ్వు మూఢనమ్మకం అంటున్నవ్." భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇద్దరం తల్లి మీదనే పెట్టినం. నేను తెల్వక పెట్టిన. నువ్వు ఇంత సదివి పెట్టినవ్."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. అర్చకుడితో నన్ను పోల్చడమా అని మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఆయన వాదనలో లొసుగు వెతికాను. కర్మ సిద్ధాంతానికి సాక్ష్యం లేదు, నా వ్యాసానికి ఉంది. కర్మ కనబడదు, గిన్నె కనబడుతుంది. ఎంత వెతికినా, చివరికి వేలు ఎవరి వైపు చూపించామన్న దగ్గర ఇద్దరం ఒకే చోట నిలబడి ఉన్నాం.

దీనివల్ల నాకు భక్తి పుట్టిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పసరు మందు అప్పుడూ మోసమే, ఇప్పుడూ మోసమే. ఆ ముసలాయన మీద నాకు ఇసుమంత జాలి లేదు. దేవుడు లేడని అప్పుడెంత గట్టిగా చెప్పానో ఇప్పుడూ అంతే గట్టిగా చెబుతాను. కానీ దేవుణ్ణి తీసేశాక ఆ కుర్చీ ఖాళీగా ఉంచాలి. మేం ఉంచలేదు. శిక్ష వేసే పని మేమే చేశాం.

నాలుగు పేజీలు

నాలుగో రోజు కూర్చుని నాలుగు పేజీల కరపత్రం రాశాను. మూడు చిట్టీల మీద ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. నేను ఏమేం అడిగానో, ఏం అడగలేదో రాశాను. చివరి వాక్యం తప్పని రాశాను. మాణిక్యం సార్‌కు ఒక కాపీ ఇచ్చాను. ఆయన చదివి మడిచి సొరుగులో పెట్టుకున్నారు. నన్ను పొమ్మనలేదు. ఆయన పోయేదాకా మేం దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు.

ముందు బడికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ నిలబడే చదివింది. చెడ్డ మనిషి కాదు. బాగా రాశారు సార్, అయితే తల్లిదండ్రులు చదివింది మొదటిది కదా, వాళ్లందరికీ నేనెట్లా చదివించను అంది. ఆ పని నేను చేస్తానన్నాను. వారం రోజులు గేటు దగ్గర నిలబడి పంచాను. తీసుకున్నారు. కొందరు అక్కడే చదివారు కూడా. ఒక్కరూ ఫోటో తీసి ఎవరికీ పంపలేదు. ఎందుకో నాకు అర్థమైంది. మొదటి వ్యాసంలో కోప్పడటానికి ఒక మనిషి ఉంది. చదివినవాడు తాను ఆమెలాంటివాణ్ణి కాదని సంతోషపడొచ్చు. రెండోదాంట్లో పడక దొరకని ఒక గురువారం ఉంది, అంతే. దాన్ని పంపుకుని ఎవరేం చేసుకుంటారు? ఆమెను పనిలోకి తీసుకోలేదు.

తర్వాత నర్సింహ. అతను ఇంట్లో ఉన్న ఒక ఆదివారం చూసి యాదమ్మ కబురు చేసింది. వెళ్లేసరికి అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. నల్లగా, బలంగా, కళ్ల కింద వాపుతో. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కుర్చీ తెచ్చి వేశాడు. ఆ వ్యాసం రాసినవాడిగా అతనికి నా మీద గౌరవం ఉంది. అది కొట్టడంకంటే ఘోరంగా ఉంది.

చదివి వినిపించాను. యాదమ్మ గుమ్మంలో నిలబడి వింది. గురువారం చిట్టీ దగ్గర ఆగిపోయాను. నీళ్లు తాగి మళ్లీ చదివాను. అయిపోయాక నర్సింహ అడిగాడు.

"మల్ల మొదటిది అబద్ధమా సార్?"

కాదు, అందులో అబద్ధం లేదు, అయితే అది సగమే అన్నాను.

"అబద్ధం లేదన్నవ్ గద. అది బుక్కుల వచ్చింది సార్. మొత్తం దేశమంత సదివిన్రు. ఇది కాయితం." నా చేతిలో కరపత్రం వైపు చూపించాడు. "ఈమె వొయ్యి మీ కాళ్ల మీద వడ్డది, మీరు పెద్దమనుషులు, జాలిపడి రాసిన్రు. నాకు తెల్వదా?"

చిట్టీలు నీ ఇంట్లోనే ఉన్నాయి, నీ కళ్లతో చూడు అన్నాను. యాదమ్మ కవరు తెచ్చి మంచం మీద పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు. "చూస్తే ఏమైతది సార్? ఆ మూడుమాట్లు నేను యాడున్న? లైన్ మీదున్న. సెలవు పెట్టి నేను వోతే పడక దొరికేదేమో. అది గూడ రాస్తవా?"

అప్పుడు తెలిసింది. ఆ మొదటి వ్యాసాన్ని వదిలేస్తే, ఆ గురువారం ఊళ్లో లేనందుకు అతను తనను తాను క్షమించుకోలేడు. భార్య మూఢురాలని నమ్మినంత కాలమే అతనికి ఊపిరాడుతుంది. ఆ ముసలాయన తాయెత్తులు కట్టాడో లేదో తెలియదు గానీ, నేను ఒకటి కట్టాను. అచ్చులో ఉంది కాబట్టి నిజం అనే నమ్మకాన్ని ఇరవై ఏళ్లు మేమే పెంచాం. గుడి మాట నమ్మకు, అచ్చు మాట నమ్ము అని ఊరూరా తిరిగి చెప్పాం. నర్సింహ మా మాట విన్నాడు. నేను విప్పబోతే విప్పనివ్వలేదు.

ఆ ఏడాదే యాదమ్మ ఆ ఇల్లు విడిచి సైదాబాద్‌లో అన్న దగ్గరికి వచ్చేసింది.

మీకు చెప్పదలచుకున్నది

నా సంపుటి వచ్చింది. అందులో ఆ వ్యాసం లేదు. అయినా అది చావలేదు. ప్రతి వానాకాలం కామెర్లు మొదలవగానే ఎవరో ఒకరు ఆ పేజీని మళ్లీ పంపుతారు. పోయినసారి నాకే వచ్చింది, "తప్పక చదవండి" అన్న మాటతో. పంపిన కుర్రవాడికి అది నేను రాసిందని తెలియదు. తెలిస్తే సంతోషించేవాడు.

కొత్తగా రాసేవాళ్లకు నా సలహా చిన్నది. కేసు రాయడానికి వెళ్లినప్పుడు మీ మోజు ఏమిటో తెలుసుకుని వెళ్లండి. నాది గిన్నె. మీది ఇంకేదైనా కావచ్చు. ఆ ప్రశ్నలు అయిపోయాక లేవకండి. ఎదుటి మనిషి "అంతేనా?" అని అడిగితే, అది వీడ్కోలు మాట కాదని గుర్తుంచుకోండి. ఇంకా కొంచెంసేపు కూర్చోండి. వాదన ముగిసిన చోట వాక్యాన్ని ముగించకండి. మీ వ్యాసంలో ఒక్క తప్పు వాక్యం లేకపోవడం గొప్ప సంగతి కాదు. నా వ్యాసంలోనూ లేదు.

ఇది అచ్చుకు ఇచ్చేముందు యాదమ్మ దగ్గరికి వెళ్లాను. ఇప్పుడామె ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతుంది. వెనక నల్లా దగ్గర కూర్చుని పని చేస్తూనే మాట్లాడింది. నర్సింహ వేరే పెళ్లి చేసుకోలేదని, ఆమెను పిలవలేదని, పాప తద్దినానికి మాత్రం అన్నకు ఫోన్ చేసి చేశారా అని అడుగుతాడని చెప్పింది. ఈసారి పుస్తకంలో రాస్తున్నానని, మొత్తం రాస్తానని, తనకు అభ్యంతరమైతే మానేస్తానని చెప్పాను. ఈసారి పేర్లు మార్చాలో వద్దో కూడా అడిగాను.

"నా పేరు రాసుకో సారూ. అది ఎట్లనో ఖరాబైంది. ఆయనది గూడ రాయి, ఆయన సదువుతడేమో." చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "పిల్ల పేరు మాత్రం రాయకు."

ఎందుకని అడగాలనిపించింది. ఈసారి అడగకుండా కూర్చున్నాను. కాసేపటికి తనే చెప్పింది.

"దాని సావు నీ బుక్కులకు వోయింది. ఫోన్లల్ల తిరుగుతనే ఉన్నది. పేరొక్కటి నా దగ్గర ఉండనీ."

ఆ పాప పేరు నాకు తెలుసు.